అంగారకుడికి ఏం తీసుకెళ్లాలి, ఎవరు వెళ్లాలి?

శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయాన్ బరువు 1,337 కిలోలు. అందులో 852 కిలోలు ఇంధనమే. అంగారకుణ్ని పరిశీలించడానికి పంపిన అయిదు పరికరాలనూ కలిపి తూచినా 15 కిలోలకు మించవు. అది కూడా ఆ గ్రహం చుట్టూ తిరగడానికే తప్ప నేల మీద దిగడానికి కాదు. మరో గ్రహం మీద కాపురం పెట్టాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు ముందుగా ఈ లెక్కే గుర్తుకొస్తుంది, ఎందుకంటే అక్కడికి చేరే ప్రతి కిలో వెనుక దానికి ఎన్నో రెట్లు బరువు దారిలోనే ఖర్చయిపోతుంది. ఏం తీసుకెళ్లాలి, ఎవరిని తీసుకెళ్లాలి అన్న రెండు ప్రశ్నలూ విడివిడిగా కనిపిస్తాయి గాని, ఆ తూకం దగ్గర రెండూ ఒకటే అవుతాయి. మనిషిని ఎక్కించామంటే అతని తిండినీ, నీళ్లనూ, గాలినీ, మందులనూ ఎక్కించినట్టే.

అంగారకుడి వాతావరణంలో దాదాపు 95 శాతం కార్బన్ డయాక్సైడ్. అక్కడి వాయుపీడనం మన దగ్గర ఉన్నదానిలో నూరో వంతు కూడా ఉండదు. గురుత్వాకర్షణ ఇక్కడి దానిలో 38 శాతం, ఎండ 43 శాతం, సగటు ఉష్ణోగ్రత సున్నాకు 60 డిగ్రీలు దిగువన. వీటన్నిటికంటె జాబితాను ఎక్కువగా శాసించేది మాత్రం కాలం. భూమీ అంగారకుడూ ప్రయాణానికి అనువైన స్థానాల్లోకి 26 నెలలకు ఒకసారి వస్తాయి. అంటే ఈ విడతలో ఒక మర మరచిపోతే, అది వచ్చే విడత ఓడలో బయలుదేరి, మరో ఆరేడు నెలల ప్రయాణం ముగించుకుని వచ్చేదాకా అది లేకుండానే బతకాలి. అంతరిక్ష కేంద్రంలో ఒక వ్యోమగామికి రోజుకు ప్యాకింగుతో కలిపి సుమారు 1.8 కిలోల ఆహారం కావాలనుకుంటే, 26 నెలలకు మనిషికి 1,400 కిలోలు అవుతుంది. అక్కడ నాసా దించిన చక్రాల బండి పర్సవియరెన్స్ రోవర్ బరువు 1,025 కిలోలు. ఇంతవరకూ మనం ఆ నేల మీద భద్రంగా దించగలిగినవి ఇంచుమించు ఆ స్థాయి బరువులే. ఒక్క మనిషి ఒక్క విడత తిండి మన ఇప్పటి సామర్థ్యాన్ని దాటిపోతున్నదన్న మాట. ఎంత పెద్ద రాకెట్లు వచ్చినా, అన్నీ ఇక్కడి నుంచే మోసుకుపోవడమన్న పద్ధతి ఎక్కువ కాలం సాగదు.

అందువల్ల జాబితాలోని ప్రతి వస్తువునూ మూడు ప్రశ్నలు అడగాలని నాకు అనిపిస్తుంది. ఇది పని చేయడానికి ఇంకా ఏమేం కావాలి? చెడిపోతే అక్కడ బాగుచేయగలమా? అరిగిపోయాక దీని స్థానంలోకి మరొకటి అక్కడే పుడుతుందా? మూడో ప్రశ్నకు అవునని జవాబిచ్చే వస్తువుల విలువ అన్నిటికంటె ఎక్కువ. విత్తనం అలాంటిది. కంప్యూటర్ చిప్ అలాంటిది కాదు. దాన్ని తయారుచేసే కర్మాగారాన్ని కొన్ని తరాల దాకా అక్కడ నిలబెట్టలేము కాబట్టి, చిప్‌లు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిది, అవి బరువు కూడా తక్కువ. ఇనుప సామాను బరువు ఎక్కువ, కాని అంగారకుడి మట్టి ఎర్రగా ఉన్నదే ఇనుము తుప్పు వల్ల. అందుచేత ఇనుము మోయడం కంటె ఇనుము తీసే కొలిమిని మోయడం మేలు. అయితే ఆ కొలిమికి విద్యుత్తు కావాలి, విద్యుత్తుకు సౌర పలకలో అణు రియాక్టరో కావాలి, 2018లో గ్రహమంతటినీ కమ్మేసిన దుమ్ము తుఫానులో సౌరశక్తి మీద ఆధారపడిన ఆపర్చునిటీ రోవర్ శాశ్వతంగా మూగబోయింది కాబట్టి సౌర పలకల్ని మాత్రమే నమ్ముకోలేము. ఇలా ఒక వస్తువు గొలుసులా మరో పదింటిని లాక్కొస్తుంది.

గాలి సంగతి చూడండి. పర్సవియరెన్స్ మీద అమర్చిన మాక్సీ అనే చిన్న యంత్రం 2021 ఏప్రిల్ నుంచి 2023 ఆగస్టు దాకా 16 సార్లు పని చేసి, అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ను విడగొట్టి మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ తీసింది. మనిషికి రోజుకు సుమారు 840 గ్రాములు కావాలి. ఆ లెక్కన అది ఒక మనిషికి మూడున్నర గంటల ఊపిరి. ఇది చిన్న విషయమని నేను అనను. మరో గ్రహపు గాలి నుంచి ప్రాణవాయువు తీయడం సాధ్యమేనని రుజువైంది, ఇక మిగిలింది యంత్రాన్ని పెంచడం. నీటికి కూడా దారి ఉంది. ఫీనిక్స్ నౌక 2008లో అక్కడి మట్టి కింద మంచుగడ్డను చూపించింది, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మూత్రంతో సహా వాడిన నీటిలో 98 శాతాన్ని తిరిగి తాగునీరుగా మార్చడం 2023లో సాధ్యమైంది.

తిండి దగ్గరకు వచ్చేసరికి విషయం చిక్కుపడుతుంది. అదే ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిలో పర్‌క్లోరేట్ లవణాలున్నాయని కూడా కనిపెట్టింది. అవి మన థైరాయిడ్ గ్రంథి పనిని చెడగొడతాయి కాబట్టి ఆ మట్టిని కడగకుండా పంట వేయలేము. మట్టి లేకుండా నీళ్లలోనే మొక్కలు పెంచవచ్చు, ఆ పద్ధతిని రష్యాలోని క్రాస్నొయార్స్క్‌లో బయోస్-3 అనే మూసిన గదుల్లో 1970లలోనే పరీక్షించారు. బీజింగ్‌లోని బైహాంగ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు 2017, 2018 సంవత్సరాల్లో విడతలవారీగా మొత్తం 370 రోజులు అలాంటి గూటిలో గడిపారు. మనుషులు తినలేని పంట భాగాలను పురుగులకు మేతగా వేసి, ఆ పురుగులను మాంసకృత్తుల కోసం తిన్నారు. కాని ఈ ప్రయోగాలన్నిటిలోకీ ఎక్కువ నేర్పింది, చాలామంది విఫలమైందని కొట్టిపారేసేది, అమెరికాలోని అరిజోనా ఎడారిలో కట్టిన బయోస్ఫియర్-2.

దాదాపు మూడు ఎకరాల స్థలాన్ని గాజుతోనూ ఉక్కుతోనూ మూసేసి, అందులో చిన్న అడవినీ, పగడపు దిబ్బలున్న చిన్న సముద్రాన్నీ, పొలాన్నీ అమర్చి, మేకలతోనూ, కోళ్లతోనూ, పందులతోనూ, వేల జాతుల మొక్కలతోనూ, పురుగులతోనూ కలిపి ఎనిమిది మందిని 1991 సెప్టెంబరు 26న లోపలికి పంపారు. రెండేళ్ల పాటు బయటి నుంచి ఏమీ ఇవ్వకూడదన్నది నియమం. గాలిలో 20.9 శాతం ఉండవలసిన ఆక్సిజన్ నెలనెలా తగ్గుతూ 16 నెలలకు 14.5 శాతం దగ్గరికి చేరింది. అది నాలుగు వేల మీటర్ల ఎత్తున్న కొండ మీద బతకడంతో సమానం. పంటలు బాగా పండాలని ఎరువు దండిగా వేసి కలిపిన మట్టిలోని సూక్ష్మజీవులు మొక్కలు ఇచ్చేదానికంటె ఎక్కువ ఆక్సిజన్‌ను పీల్చుకున్నాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్ గాలిలో కనిపించాలి కదా అని వెతికితే, కట్టడంలోని కాంక్రీటు దాన్ని పీల్చుకుని సున్నపురాయిగా మార్చేసుకుంటున్నదని తేలింది. 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ ఎక్కించక తప్పలేదు.

ఇందులో నేను తరచుగా తలచుకునే విషయం ఏమిటంటే, ఆ జాబితా తయారుచేసినవారు దద్దమ్మలు కారు. ఏ మొక్క, ఏ జంతువు, ఏ చేప అని ఏళ్ల తరబడి ఆలోచించారు. గాలి మీద వారిని దెబ్బతీసినవి మాత్రం, ప్రాణుల జాబితాలో ఎవరూ పెట్టుబడిగా లెక్క వేయని మట్టి సూక్ష్మజీవులూ, ప్రాణమే లేని కాంక్రీటూ. పూలకు పరాగం మోయడానికి తీసుకెళ్లిన కీటకాలు చచ్చిపోయాయి, ఎవరూ పిలవని ఒక చీమ జాతి లోపలంతా ఏలింది, బొద్దింకలు వర్ధిల్లాయి. పందులు మనుషుల తిండికే పోటీ వస్తున్నాయని వాటిని కోసుకు తిన్నారు. మనం ఎంచుకుని తీసుకెళ్లినవాటి కంటె, మనతో పాటు తెలియకుండా వచ్చినవే కొత్త చోటు ఎలా ఉండాలో నిర్ణయిస్తాయి.

పసిఫిక్ మహాసముద్రంలో దీవి నుంచి దీవికి పడవల మీద వలస వెళ్లిన పాలినీషియన్లు ఈ విద్యలో ఆరితేరినవారు. హవాయి దాకా వారు తీసుకెళ్లిన మొక్కలు రెండు డజన్ల వరకు ఉంటాయి. ఆ పేర్లు చూస్తే మన పెరడు గుర్తుకొస్తుంది: చేమ, అరటి, కొబ్బరి, చెరకు, సొర, పసుపు, వాటితో పాటు సీమపనస, నారతో బట్ట చేసుకునే ఒక మల్బరీ జాతి. ఒక్కో మొక్క ఎన్ని పనులకు వస్తుందో చూసి ఎంచుకున్నారు. కొబ్బరి తిండీ, నీళ్లూ, తాడూ, కప్పూ కాగా, సొరబుర్ర నీళ్ల కుండ అయింది, పసుపు మందూ రంగూ అయింది. వారి సీమపనసలో గింజలుండవు కాబట్టి పిలకలనే ఉప్పునీరు తగలకుండా కాపాడుకుంటూ వేల కిలోమీటర్లు మోశారు. అంత జాగ్రత్తగా ఎంచినవారి పడవల్లో కూడా ఎలుకలు ఎక్కాయి. ఈస్టర్ దీవిలో తాటి జాతి చెట్ల కాయలను ఆ ఎలుకలు కొరికేయడం అడవి మళ్లీ మొలకెత్తకుండా పోవడానికి ఒక ముఖ్య కారణమని పలువురు పరిశోధకులు భావిస్తున్నారు.

అంగారకుడికి వెళ్లే ఓడలో ఎలుక దూరకపోవచ్చు. కాని ఒక మనిషి శరీరంలోనే దాదాపు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని అంచనా, వాటిని వదిలి మనిషి వెళ్లలేడు. గ్రహాలను హానికరంగా కలుషితం చేయకూడదని 1967 నాటి అంతరిక్ష ఒప్పందంలోని తొమ్మిదో అధికరణం చెబుతుంది. అక్కడ సొంత జీవం ఉందో లేదో తేలకముందే మన సూక్ష్మజీవులను దింపితే, తరువాత ఏది అక్కడిదో ఏది మనదో విడదీయడం కష్టమవుతుంది. మనుషులను పంపడానికి తొందరపడేవారు ఈ అధికరణాన్ని అడ్డంకిగా చూస్తారు గాని, నేను అలా చూడలేను. ఆ ప్రశ్నకు జవాబు ఒక్కసారి పోగొట్టుకుంటే మళ్లీ దొరకదు.

ఇక ఎవరు వెళ్లాలి, కనీసం ఎంతమంది వెళ్లాలన్నది. దీని మీద ప్రచారంలో ఉన్న అంకెలు ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపిస్తాయి: 22, 98, 110, 160, 14,000. వీటిలో ఏది సరైనదని వాదించుకోవడం వృథా, ఎందుకంటే ఇవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మానవశాస్త్రవేత్త జాన్ మూర్ 2002లో చెప్పిన 160, దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు తప్పించుకుంటూ దాదాపు రెండు వందల ఏళ్లు సాగే అంతరిక్ష ప్రయాణానికి కావలసిన జనం. ఫ్రెంచి శాస్త్రవేత్తలు మారాన్, బెలుఫీ 2018లో చెప్పిన 98, పక్క నక్షత్రానికి 6,300 ఏళ్ల ప్రయాణంలో సంతానాన్ని కట్టుదిట్టంగా అదుపు చేస్తే సరిపోయే సంఖ్య. కామెరాన్ స్మిత్ 2014లో 14,000కు తగ్గకూడదన్నది, మహమ్మారులకూ ప్రమాదాలకూ తట్టుకునేలా జన్యు వైవిధ్యం కాపాడాలని. జాన్ మార్క్ సాలోటి 2020లో ఇచ్చిన 110 జన్యువుల లెక్కే కాదు. బతకడానికి చేయవలసిన పనులన్నిటికీ పట్టే గంటలనూ, మనుషుల చేతిలో ఉన్న గంటలనూ సరితూచగా వచ్చిన సంఖ్య అది. 2023 నాటి ఒక కంప్యూటర్ నమూనాలోని 22 మాత్రం, భూమి నుంచి సరుకులు వస్తుండగా 28 ఏళ్ల పాటు ఒక చిన్న గనుల స్థావరం నిలబడడానికి సంబంధించినది.

నా ఉద్దేశంలో వీటన్నిటిలో అంగారకుడికి ఎక్కువగా పనికొచ్చేది గంటల లెక్క. జన్యువుల సమస్య నిజమే. అట్లాంటిక్‌లోని ట్రిస్టన్ ద కూన్య దీవిలో 1816 తరువాత స్థిరపడిన సుమారు 15 మంది నుంచే జనమంతా పుట్టారు, ఆ మూలపురుషుల్లో కొందరికి ఉబ్బసం ఉండడం వల్ల ఈనాటికీ ఆ దీవిలో సగం మందిదాకా ఆ వ్యాధి లక్షణాలు కనిపిస్తాయి. కాని దీనికి తేలికైన విరుగుడు కనిపిస్తున్నది. జపాను శాస్త్రవేత్త వకయామా బృందం ఎలుకల వీర్యాన్ని ఎండబెట్టి పొడి చేసి అంతరిక్ష కేంద్రంలో దాదాపు ఆరేళ్లు ఉంచి, తిరిగి తెచ్చి, దానితో ఆరోగ్యమైన పిల్లలను పుట్టించింది. వేల మంది జన్యు వైవిధ్యం ఒక చిన్న పెట్టెలో పట్టవచ్చు. పని చేసే చేతులను మాత్రం పెట్టెలో పట్టించలేము.

ఏ చేతులన్నదానికి చరిత్రలో కొన్ని చేదు పాఠాలున్నాయి. అమెరికాలోని జేమ్స్‌టౌన్‌కు 1607లో వెళ్లిన ఇంగ్లీషువారిలో చాలామంది ఒళ్లు వంచి పని చేసే అలవాటు లేని దొరలు. మరుసటి ఏడాది వచ్చిన ఓడలో కంసాలులూ, నగల పనివాడూ, చివరికి అత్తరు చేసేవాడూ దిగారు. 1609 చలికాలపు కరవులో ఆ ఊళ్లో చాలామంది చనిపోయారు. సిడ్నీకి 1788లో 11 ఓడల్లో ఇంగ్లండు దింపిన వెయ్యిమందికి పైగా జనంలో ఎక్కువమంది ఖైదీలు, వారిలో వ్యవసాయం తెలిసినవారు బహు కొద్దిమంది. గొడ్డళ్లు నాసిరకం, గోధుమ విత్తనం చాలా మటుకు మొలవలేదు. సరుకులు తెస్తున్న గార్డియన్ ఓడ 1789 డిసెంబరులో మంచుకొండను గుద్దుకుంది. దారిలో కొన్న కొద్దిపాటి ఆవులు కాపరి ఏమరుపాటున అడవిలోకి తప్పించుకుపోయి, 1795లో దొరికేసరికి మనుషుల సాయం లేకుండానే పెద్ద మందగా పెరిగి ఉన్నాయి. మనుషులు అర్ధాకలితో ఉన్నచోట అవి నిక్షేపంగా బతికాయంటే, అక్కడి నేల గొడ్డుది కాదు. ఆ నేలతో మెలగడం తెలిసినవారు, వేల ఏళ్లుగా అక్కడ ఉన్న ఇయోరా ప్రజలు, పక్కనే ఉన్నారు. వచ్చినవారి రాకతో వారు భూమినీ, మశూచికి ప్రాణాలనూ పోగొట్టుకున్నారు. అంగారకుడి మీద పోగొట్టుకునేవారూ లేరు, నేర్పేవారూ లేరు.

ప్రతి విద్యా కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలన్నది రెండో పాఠం. అంటార్కిటికాలోని సోవియట్ స్థావరంలో ఉన్న ఒకే ఒక్క వైద్యుడు లియొనీద్ రొగొజొవ్‌కు 1961 ఏప్రిల్ చివరలో అపెండిక్స్ వాచింది. ఒక డ్రైవరూ, ఒక వాతావరణ శాస్త్రవేత్తా అద్దమూ పనిముట్లూ పట్టుకోగా తన పొట్టను తానే కోసుకుని బతికాడు. అంగారకుడి నుంచి భూమికి మాట చేరడానికి మూడు నుంచి 22 నిమిషాలు పడుతుంది, అంటే రక్తం కారుతున్న వేళ ఇక్కడి వైద్యుణ్ని అడిగి చేయడం కుదరదు. ఒక్కొక్కరు రెండు మూడు పనులు నేర్చుకుని ఉండడమే కాదు, నేర్పడం తెలిసినవారై ఉండాలి. వస్తువులను అడిగిన మూడో ప్రశ్న మనుషులకూ వర్తిస్తుంది: ఈ మనిషి పోయాక ఈ విద్య అక్కడే ఇంకొకరి చేతిలో మిగులుతుందా?

పనితనం ఒక్కటే చూసి ఎంచితే ఏమవుతుందో మనవాళ్ల చరిత్రే చెబుతుంది. చెరకు తోటల కోసం భారతదేశం నుంచి ఫిజీకి 1879 నుంచి 1916 దాకా కూలీలను పంపినప్పుడు, 1903 తరువాత మద్రాసు నుంచి వెళ్లిన ఓడల్లో తెలుగువారూ ఉన్నారు. ప్రతి వంద మంది పురుషులకు 40 మంది స్త్రీలు ఉంటే చాలన్నది నియమం. తోటకు కావలసిన బలమే కొలమానమైన ఆ ఎంపికలో కుటుంబమన్న ఆలోచనే లేదు, దాని ఫలితం ఆ కూలీలు ఉండే ఇళ్ల వరుసల్లో జరిగిన హత్యల్లోనూ ఆత్మహత్యల్లోనూ కనిపించింది. పసిఫిక్‌లోని పిట్‌కైర్న్ దీవిలో 1790లో దాక్కున్న తొమ్మిది మంది తిరుగుబాటు నావికులూ, వారితో వచ్చిన ఆరుగురు పాలినీషియన్ పురుషులూ కూడా స్త్రీల విషయంలోనూ, భూమి పంపకంలోనూ జరిగిన అన్యాయం వల్ల ఒకరినొకరు చంపుకున్నారు. పదకొండేళ్లు తిరక్కముందే, వచ్చిన పురుషుల్లో ఒక్కడే మిగిలాడు. ఆ దీవిలో తిండికి లోటు లేదు.

స్వభావం సంగతి పరీక్షల్లో పూర్తిగా తేలదు. బయోస్ఫియర్-2లోని ఎనిమిది మంది నలుగురేసి రెండు వర్గాలుగా విడిపోయి మాటలు మానుకున్నారు, అయినా పొలం పని మాత్రం ఆపలేదు. మాస్కోలో ఆరుగురు 2010, 2011 సంవత్సరాల్లో 520 రోజులు మూసిన గదుల్లో గడిపినప్పుడు, వారు తమలో తాము కంటె బయటి నియంత్రణ కేంద్రంతోనే ఎక్కువగా ఘర్షణ పడ్డారు. గొడవపడని మనుషులను వెతకడం కంటె, గొడవపడి కూడా మరునాడు పనికి వచ్చేవారిని ఎంచుకోవడం మంచిదని ఈ రెండు అనుభవాలూ చెబుతున్నాయని నేను అనుకుంటాను. పెద్ద వయసు వారిని బరువుగా లెక్కించే జాబితాలను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఊళ్లో తగవు తీర్చేది సాధారణంగా వారే.

జాబితాలో పేరు రాయడానికి వీల్లేని మనుషులు కొందరున్నారు, అక్కడ పుట్టబోయే పిల్లలు. భూమి గురుత్వాకర్షణలో 38 శాతం మాత్రమే ఉన్నచోట ఒక క్షీరద శిశువు గర్భంలో పడి, పుట్టి, పెరిగి పెద్దవడాన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అలా పెరిగిన ఎముకలూ గుండే భూమి బరువును మోయగలవో లేదో తేలలేదు. పెద్దలు ఇష్టపడి వెళ్లవచ్చు, పిల్లలు ఆ ఇష్టాయిష్టాలు అడగకుండానే అక్కడివారవుతారు.

ట్రిస్టన్ దీవిలో 1961లో అగ్నిపర్వతం పేలినప్పుడు జనమంతా ఓడలెక్కి ఇంగ్లండుకు చేరారు. రెండేళ్లకు ఓటు వేసుకుని, చాలామంది తిరిగి తమ దీవికే వెళ్లిపోయారు. వదిలి రావడానికీ, మళ్లీ వెళ్లడానికీ వారికి ఓడ దొరికింది. అంగారకుడి నేల మీద నుంచి నలుగురిని పైకి లేపడానికి సుమారు ఏడు టన్నుల ఇంధనమూ, దాన్ని మండించడానికి 25 టన్నుల ఆక్సిజనూ కావాలని నాసా లెక్క. సాలోటి చెప్పిన 110 మందికి ఆ లెక్కన ఆక్సిజనే 700 టన్నుల దాకా అవుతుంది. మాక్సీ వంటి యంత్రాల పెద్ద రూపాలను మనుషుల కంటె కొన్ని విడతలు ముందుగానే పంపి, ఆ ఆక్సిజన్ అక్కడి తొట్లలో నిండిందని ఇక్కడి నుంచి చూసుకున్నాకే మొదటి కుటుంబం ఓడ ఎక్కాలని నా అభిప్రాయం. విత్తనాల కంటె, చిప్‌ల కంటె, రియాక్టర్ కంటె ముందు జాబితాలో మొదటి వరుసలో ఆ యంత్రాల పేరు రాస్తాను.